కొల్లేటి గూడబాతులు: తుపాకి నుంచి కెమెరా వరకు



చరిత్ర పాఠం అనగానే మీకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. ఈనాటి పాఠం ఒక పక్షిని గురించి, ఆ పక్షిని తెల్లవారుజామున ఫొటో తీయడాన్ని గురించి. ఇది జంతుశాస్త్రం వాళ్ళు చెప్పవలసిన విషయం కదా, చరిత్రకు దీనితో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు కొల్లేటి గట్టు మీదే ఉంది. ముందు అక్కడికి వెళదాం.

జనవరి నెల. తెల్లవారి ఐదున్నర. మీరు కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకలో చెరువు గట్టు మీద నిలబడి ఉన్నారనుకోండి. 2022 వరకు ఈ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. పొగమంచు నీటి మీద కదలకుండా పడుకుని ఉంటుంది. కళ్ళకు ఏమీ కనిపించదు గాని ముక్కుకు మాత్రం పక్షుల రెట్టల వాసన, చేపల నీచు వాసన ముందే తగులుతాయి. తర్వాత చెవులకు పని పడుతుంది. కర్రతో కర్రను గబగబా కొట్టినట్టు టకటకమనే చప్పుడు వినిపిస్తుంది. అది ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళ దగ్గర ముక్కులు తాటించుకునే చప్పుడు. దాని వెనకాల పిల్లల గోల. తల్లిదండ్రులైన గూడబాతులు పెద్దగా అరవవు, అరుపులన్నీ పిల్లలవే.

కొంచెం వెలుగు వచ్చాక నీటి మధ్యలో ఇనుప చట్రాలు కనిపిస్తాయి. చెట్టు కొమ్మల్లా అమర్చిన బల్లల మీద పుల్లలు పేర్చుకుని, ఒక్కొక్క చట్రం మీద ఎన్నో గూళ్ళు. చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు నిలబెట్టిన కృత్రిమ వృక్షాలు అవి. వాటి మీద కూర్చున్న బూడిదరంగు పక్షే మన పాఠంలో నాయిక. శాస్త్రజ్ఞులు దీన్ని మచ్చల ముక్కు పెలికాన్ అంటారు. ముక్కు పొడవునా నల్లని చుక్కలు వరుసగా ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. మన వాళ్ళు పెట్టిన పేరు గూడబాతు. కాలువలో నీళ్ళు పొలంలోకి ఎత్తిపోయడానికి ఇద్దరు మనుషులు తాళ్ళతో ఊపే గూడను మీ తాతగారిని అడిగితే చెబుతారు. ఈ పక్షి ముక్కు కింద తోలుసంచి అచ్చం ఆ గూడ పనే చేస్తుంది. చేపను, నీళ్ళను కలిపి ఎత్తుతుంది, నీళ్ళు వదిలేసి చేపను మింగుతుంది. నాలుగు నుంచి ఆరు కిలోల బరువుండే పక్షి ఇది.

ఇప్పుడు ఫొటో విషయం. ఇంత పొద్దున్నే రావడం దేనికి? మొదటిది వెలుగు. పొద్దు పొడిచిన మొదటి గంటలో సూర్యకాంతి ఏటవాలుగా పడుతుంది, ఈకల మీద మడతలు, అంచులు విడివిడిగా కనిపిస్తాయి. పది గంటల ఎండలో అదే పక్షి తెల్లగా, చదునుగా కాగితం ముక్కలా పడుతుంది. రెండోది పక్షి దినచర్య. పెలికాన్ బరువైన పక్షి. దూరం వెళ్ళాలంటే నేల వేడెక్కి గాలి పైకి లేచే దాకా చాలావరకు ఆగుతుంది, ఆ గాలిని పట్టుకుని రెక్కలు ఆడించకుండా చక్కర్లు కొడుతూ ఎత్తుకు పోతుంది. కాబట్టి పొద్దెక్కే వరకు గూటి దగ్గర, నీటి మీద దొరుకుతుంది. మూడోది మంచు. మంచు తెర పక్షికి, వెనక ఉన్న చట్రాలకు మధ్య దూరాన్ని చూపిస్తుంది.

అయితే ఆ వేళ వెలుగు అందంగా ఉంటుంది గాని తక్కువగా ఉంటుంది. ఎగిరే రెక్క చెదరకుండా పడాలంటే కెమెరా కన్ను సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకోవాలి. ఫిలిం రోజుల్లో సాధారణమైన రీలుతో ఆ మసక వెలుగులో ముప్పయ్యో వంతు దొరికితే గొప్ప. కూర్చున్న పక్షి పడుతుంది, లేచిన పక్షి మసకబారుతుంది. పైగా రీలుకు 36 బొమ్మలు. ఇవాళ డిజిటల్ కెమెరాలో సున్నితత్వాన్ని ఎన్నో రెట్లు పెంచుకుని వందల బొమ్మలు తీయవచ్చు. ఇంత సులువైపోయింది కనుకనే, తీసిన బొమ్మకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి ఆలోచించాలి.

ఒక ప్రశ్న వేస్తాను. గట్టు మీద నిలబడి చూస్తున్న ఈ గూడబాతులు కొల్లేటిలో ఎప్పటి నుంచి గూళ్ళు కడుతున్నాయి? అనాదిగా అని మీకు అనిపిస్తుంది. ఇన్ని పక్షులను, ఇన్ని గూళ్ళను చూసిన వారెవరికైనా అలాగే అనిపిస్తుంది. అది నిజం కాదు. 1970ల మధ్యలో కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల గూళ్ళు ఖాళీ అయిపోయాయి. అంతకు ముప్పయ్యేళ్ళ ముందు అక్కడే సుమారు మూడు వేల పక్షులు గూడు కట్టేవి. ఈ రెండు వాక్యాలను ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నామంటే, ఎవరో చూసి, లెక్కపెట్టి, తేదీ వేసి రాసిపెట్టడం వల్లనే. చరిత్రకు దీనితో పని అక్కడ మొదలవుతుంది.

కొల్లేరు చరిత్రకు కొత్తది కాదు. రెండో పులకేశి విజయాలను చెప్పే ఐహోళె శాసనంలో, క్రీ.శ. 634లో, కునాల జలాలు యుద్ధంలో రక్తంతో ఎర్రబారిన వర్ణన ఉంది. ఆ కునాలం మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు నిలిచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి చేరే మంచినీటి సరస్సు ఇది. రాజు గెలిచిన సంగతి రాతి మీద చెక్కారు. ఆ ఏడు సరస్సులో ఏ పక్షి గూడు కట్టిందో చెక్కవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అందులో ఆ కవి తప్పేమీ లేదు. పక్షులు ఎప్పుడూ ఉండేవే కదా, రాసేదేముంది?

పక్షుల విషయం కాగితం మీదికి ఎక్కింది సాధారణంగా ఏదో తగాదా వచ్చినప్పుడు. తమిళనాడులోని వేడంతాంగళ్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడి చెరువులో చెట్ల మీద గూడు కట్టే కొంగలను రైతులు కాపాడుకునేవారు. రెట్టలు కలిసిన నీళ్ళు పొలానికి ఎరువు కనుక. దొరల సిపాయిలు వచ్చి ఆ పక్షులను కాల్చడం మొదలుపెడితే ఊరివాళ్ళు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్‌కు మొర పెట్టుకున్నారు. 1798లో ఆయన పక్షుల మీద ఊరికి హక్కు ఉందంటూ ఒక కౌలు రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఇంగ్లీషు రికార్డుల్లో కూడా మన మాటతోనే కౌలు అన్నారు. 1858లో దాన్ని మళ్ళీ ఖరారు చేశారు. మన దేశంలో పక్షుల రక్షణ గురించి రాసే ప్రతివారూ ఎత్తే మొదటి పత్రం ఇదే. పక్షుల మీద ప్రేమ కంటే పంట మీద ప్రేమే దాన్ని రాయించిందని నా అభిప్రాయం. అందువల్ల దాని విలువ తగ్గదు.

తర్వాతి తరంలో పక్షులను పనిగట్టుకుని వెతికినవాడు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడి యానాదులకు అడవి జంతువుల గురించి, పిట్టల గురించి ఉన్న తెలివి ఆయనకు బాగా ఉపయోగపడింది. 1862–64 మధ్య అచ్చయిన ఆయన పక్షుల గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం లేవు. కర్ణాటక మైదానంలో, అంటే నేటి ఆంధ్ర, తమిళ తీరప్రాంతంలో, ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు మనుషులను లక్ష్యపెట్టకుండా గూళ్ళు కట్టుకోవడం తాను చూశానని ఆయన రాశాడు. ఊరి పేరు రాయలేదు. ఎన్ని గూళ్ళో చెప్పలేదు. అంత గొప్ప పరిశీలకుడు ఆ రెండు ముక్కలు వదిలేయడం వల్ల, ఆ ఊరు ఇవాళ ఎక్కడుందో, ఆ పక్షులు ఏమయ్యాయో వెతకడానికి దారి లేకుండా పోయింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

జెర్డన్ చేతిలో ఉన్న పరికరం తుపాకి. ఆనాటి పక్షిశాస్త్రానికి అదే కలం, అదే కెమెరా. దూరం నుంచి చూసి గుర్తుపట్టడానికి సరైన దుర్భిణీలు లేవు, పోల్చుకోవడానికి బొమ్మల పుస్తకాలు లేవు. పక్షిని కాల్చి, తోలు వొలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి పెట్టెలో దాస్తేనే అది ఆధారం. మనకు ఇది క్రూరంగా తోస్తుంది. కాని ఆ చీటీ మీద తేదీ, స్థలం ఉండేవి. సలీం అలీ కూడా ఆ పద్ధతిలోనే పెరిగినవాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున 1931–32లో నిజాం రాజ్యంలో ఆయన చేసిన పక్షుల సర్వేలో నమూనాలు సేకరించడం ఒక భాగం. ఆ తోళ్ళు, చీటీలు ఉండబట్టే తెలంగాణ అడవుల్లో తొంభై ఏళ్ళ క్రితం ఏయే పక్షులు ఉండేవో మనకు తెలుసు.

కెమెరా ఈ పనికి చాలా ఆలస్యంగా వచ్చింది. పక్షి నిలవదు, ఆనాటి కెమెరా తొందరపడదు. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు 1892లో లండనుకు ఉత్తరాన ఒక పిట్టగూటిని, అందులోని గుడ్లను ఫొటో తీశారు. గూడు కదలదు కదా, అందుకని దానితో మొదలుపెట్టారు. 1895లో వారు అచ్చు వేసిన పక్షిగూళ్ళ పుస్తకంలో బొమ్మలన్నీ ఆరుబయట తీసిన ఫొటోలే. ప్రపంచంలో అలాంటి పుస్తకం అదే మొదటిదని చెబుతారు. బరువైన కెమెరా, గాజుపలకలు మోసుకుని పక్షికి దగ్గరగా చేరడం ఎలా? ఎద్దు చర్మంలో చట్రం అమర్చి, బోలుగా ఉన్న ఆ ఎద్దు బొమ్మలో మనిషి దూరి నిలబడేవాడు. పిట్టలు ఎద్దుకు భయపడవు, అంతే. కొల్లేటి గట్టు మీద గేదె వీపున నిశ్చింతగా వాలే తెల్లకొంగను చూసినవారికి ఆ ఎత్తు వింతగా అనిపించదు.

మన దేశంలో ఈ పనికి పేరు పడ్డవారిలో ఇ.హెచ్.ఎన్. లోథర్ ఒకరు. ఆయన పుస్తకం 1949లో వచ్చింది. మరొకరు లోక్ వాన్ థో. ఈయన సింగపూర్‌లో సినిమా హాళ్ళ అధిపతి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బొంబాయి వచ్చి సలీం అలీకి స్నేహితుడై, ఆయన వెంట తిరుగుతూ పక్షుల ఫొటోలు తీశాడు. ఇద్దరూ గూటి దగ్గర మాటు కట్టుకుని గంటల తరబడి కూర్చునేవారు. ఆ తరం ఫొటోగ్రాఫరుకు ఒక్క బొమ్మ అంటే ఒక్కొక్కసారి ఒక పగలంతా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1946లో కె.కె. నీలకంఠన్ అనే యువకుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు అనే ఊళ్ళో, కొల్లేటి ప్రాంతంలో, గూడబాతుల పెద్ద కాలనీని కనిపెట్టాడు. ఈయన కేరళవాడు, ఇంగ్లీషు అధ్యాపకుడు, తర్వాత ఇందుచూడన్ అనే కలంపేరుతో మలయాళంలో పక్షుల మీద రాసి ప్రసిద్ధుడయ్యాడు. కనిపెట్టాడు అన్నమాట కాస్త జాగ్రత్తగా వాడాలి. ఆ ఊరివాళ్ళకు పక్షులు కొత్త కాదు. వాళ్ళ నెత్తి మీదే రెట్టలు వేస్తుంటే కొత్త ఎలా అవుతాయి? నీలకంఠన్ చేసినది వేరే పని. వెళ్ళి లెక్కపెట్టాడు. గూళ్ళు, పిల్లలు, నెలలు రాసుకున్నాడు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం వేయించాడు.

ఆ వ్యాసం ఎందుకంత ముఖ్యమైనదో తెలియాలంటే అప్పటి పరిస్థితి తెలియాలి. ఈ జాతి గూడబాతులకు దక్షిణాసియా, బర్మా ప్రాంతాలే ప్రధానమైన నెలవు. బర్మాలోని సిట్టాంగ్ నది మైదానంలో 1877లో యూజీన్ ఓట్స్ అనే ఆయన వేలకు వేలు గూళ్ళు చూశాడు. 1929లో కూడా అక్కడ పక్షులు ఉన్నాయి, ఆ తర్వాత కొద్దికాలానికే ఆ కాలనీ మాయమైంది. అలాంటి సమయంలో మూడు వేల పక్షులు ఒకేచోట గూడు కడుతున్నాయన్న వార్త కొల్లేటి నుంచి వెళ్ళింది. మన పల్లెటూరికి ఆ రోజు ఎంత బరువు వచ్చిపడిందో ఆ ఊరికి తెలిసి ఉండదు.

తర్వాత ముప్పయ్యేళ్ళలో కథ తిరగబడింది. పక్షులు ఆరేడును వదిలేశాయి. చెంతనున్న మరో చోటికి మారి అక్కడా నిలవలేదు. 1975 ప్రాంతానికి కాలనీ లేదు. ఒక్క తుపాకి, ఒక్క మనిషి చేసిన పని కాదిది. గూడబాతుకు రెండు కావాలి: ఏటా కొన్ని నెలలపాటు కదిలించకుండా ఉండే చెట్లు, దగ్గరలో లోతు తక్కువగా, చేప నిండుగా ఉండే నీళ్ళు. అక్టోబరు, నవంబరులో గూడు మొదలుపెడితే మూడు నాలుగు గుడ్లు, సుమారు నెల పొదుగు, ఆ తర్వాత పిల్ల సొంతంగా ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. అంతసేపు ఊరు ఓర్చుకోవాలి. చెట్టు కొట్టినా, నీరు మారినా పక్షి మనతో తగాదా పెట్టుకోదు. మరుసటి ఏడు రాదు, అంతే. రాలేదని గమనించేవాడు లేకపోతే, అది జరిగినట్టే ఎవరికీ తెలియదు.

నీలకంఠన్ లెక్క లేకపోయి ఉంటే ఏం జరిగేదో ఊహించండి. జెర్డన్ చూసిన పేరులేని ఊరిలాగే ఆరేడు కూడా ఒక వాక్యమై మిగిలేది. ఒకప్పుడు పక్షులు చాలా ఉండేవట అని పెద్దలు అనేవారు, పెద్దలు ఎప్పుడూ అలాగే అంటారు లెమ్మని మనం అనేవాళ్ళం. అంకె, ఊరు, సంవత్సరం ఉన్నాయి కనుక అది గతించిన రోజుల బెంగ కాక, జరిగిన నష్టానికి లెక్క అయింది.

అదే దశాబ్దంలో నెల్లూరు వైపు వేరే కథ నడిచింది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో, నీళ్ళలో నిలిచి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. 1976లో దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు, అంటే పెద్దదేమీ కాదు. పక్కనున్న పులికాట్ సరస్సు తిండి పెడుతుంది, నేలపట్టు చెట్లు నీడ ఇస్తాయి. ఒకటి అన్నపు గిన్నె, ఒకటి పడక. ఒకదాన్ని కాపాడి మరొకదాన్ని వదిలేస్తే లాభం లేదు.

కొల్లేటి సంగతి అంత తేలికగా తెగలేదు. 1970ల చివరి నుంచి సరస్సులో చేపల చెరువులు తవ్వడం మొదలైంది. మొదట పేద మత్స్యకారుల సొసైటీల పేరుతో, తర్వాత పెట్టుబడిదారుల డబ్బుతో సాగింది. గట్లు లేచిన కొద్దీ సరస్సు ముక్కలైంది. 1999లో ప్రభుత్వం సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు రేఖ లోపలి భాగాన్ని, సుమారు 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో అక్రమ చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో కూల్చారు. దానికి ఆపరేషన్ కొల్లేరు అని పేరు.

ఇక్కడ మీరు ఒక పక్షం తీసుకునే ముందు ఆగాలి. కొల్లేటి లంకల్లో తరతరాలుగా దోనెల మీద చేపలు పట్టి బతికినవాళ్ళు ఉన్నారు. చెరువుల్లో వాటా పెట్టి అప్పుల పాలైనవాళ్ళు ఉన్నారు. చెరువు కూలినప్పుడు పెద్ద పెట్టుబడి పెట్టినవాడు వేరే వ్యాపారం చూసుకున్నాడు, కూలివాడు వలస పోయాడు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యం హద్దును మూడడుగుల రేఖకు కుదించాలని తీర్మానించింది. ఆ తర్వాత కేంద్రం నియమించిన నిపుణుల సంఘం ఐదడుగుల రేఖనే ఉంచాలంది. వాదన అక్కడితో ముగియలేదు. ఈ వాదనలో గూడబాతుకు ఓటు లేదు, వకీలు లేడు. దాని తరఫున కోర్టులో, కమిటీలో నిలబడేవి లెక్కలు, పటాలు, ఫొటోలు మాత్రమే.

ఫొటో సాక్ష్యంగా నిలబడిన మాట నిజమా అంటే, కడప జిల్లా నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. కలివికోడి అనే రాత్రిపక్షిని 1900 తర్వాత ఎవరూ చూడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పిట్టలు పట్టే అయితన్న అనే స్థానికుడి చేతికి అది దొరికింది. లోకమంతా ఆశ్చర్యపోయింది. 2000 తర్వాత పరిశోధకులు కొత్త దారి తొక్కారు. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వెళ్ళి కాలిజాడలు చూసేవారు. జాడ ఉన్నచోట తనంతట తానే తీసే కెమెరాను అమర్చేవారు. మనిషి లేకుండా, చీకట్లో, పక్షి తన ఫొటో తానే దిగింది. ఆ జాడలు, ఆ బొమ్మలు దాని నివాసం ఎక్కడెక్కడ ఉందో చూపించాయి. ఆ ప్రాంతం గుండా వేస్తున్న తెలుగుగంగ కాలువ దారి మార్చాలన్న వాదానికి ఇలాంటి ఆధారాలే బలమయ్యాయి, చివరికి దారి మార్చారు. ఎద్దు బొమ్మలో మనిషి దూరిన రోజుల నుంచి ఇంత దూరం వచ్చాం.

మళ్ళీ ఆటపాకకు వద్దాం. మాయమైన పక్షులు తర్వాతి దశాబ్దాల్లో తిరిగి వచ్చి ఈ చెరువును ఎంచుకున్నాయి. చెట్లు చాలలేదు, ఇనుప చట్రాలు వేశారు, పక్షులు ఒప్పుకున్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనూ ఇలాగే జరిగింది. దీన్ని విజయం అనవచ్చా? సగం అనవచ్చు. చట్రం తుప్పు పడితే మార్చేవాడు ఉండాలి, చెరువులో నీరు నిలిపేవాడు ఉండాలి. తినే చేప చాలావరకు మన చెరువుల చుట్టుపక్కలదే. ఆ ముడి ఎంత సున్నితమైనదో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో తెలిసింది. అక్కడ ఊరి చెట్ల మీద వాలే గూడబాతుల రాకను శుభంగా భావిస్తారు. 2021 డిసెంబరు ప్రాంతంలో పెద్ద సంఖ్యలో పక్షులు చెట్ల నుంచి రాలిపడి చనిపోయాయి. చేపల ద్వారా సోకిన పురుగులే కారణమని అధికారులు చెప్పారు. ఆ ఊరివాళ్ళు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారు.

మీరు ఆటపాకలో ఫొటో తీస్తున్నప్పుడు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. అభయారణ్యంలో ఫొటో తీయడానికి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి అవసరం. అక్కడి కార్యాలయంలో అడగండి. పడవను గూటి దగ్గరికి పోనివ్వమని సరంగును ఒత్తిడి చేయకండి. తల్లి బెదిరి లేచిన ఐదు నిమిషాల్లో కాకి గుడ్డును పొడుస్తుంది. ఈకలు రాని పిల్లకు నీడనిచ్చేది తల్లి రెక్కే, మధ్యాహ్నపు ఎండలో ఆ రెక్క లేకపోతే పిల్ల బతకదు. రెక్కలు విప్పి లేచే గుంపు ఫొటో కోసం చప్పట్లు కొట్టేవాళ్ళను మీరు చూస్తారు. ఆ ఫొటో ఎంత బాగున్నా, అందులో ఉన్నది భయం.

ఇంకొకటి. అందమైన బొమ్మ వేరు, ఆధారమైన బొమ్మ వేరు. ముక్కు మీద చుక్కలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా తీసిన ఫొటోకు బహుమతి రావచ్చు. కాని ఆ పక్షి ఆటపాకలోదో, నేలపట్టుదో, జంతుప్రదర్శనశాలలోదో ఆ ఫొటో చెప్పలేదు. కాస్త వెనక్కి జరిగి, చట్రాలన్నీ, నీటి మట్టం, వెనక గట్టు కనిపించేలా ఒక వెడల్పాటి బొమ్మ తీయండి. ఎవరూ మెచ్చుకోరు. దానిలో గూళ్ళు లెక్కపెట్టవచ్చు. వచ్చే జనవరిలో అదే చోట నిలబడి అదే బొమ్మ మళ్ళీ తీయవచ్చు. కెమెరాలో గడియారం, తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. తప్పు తేదీ ఉన్న ఫొటో, తేదీ లేనిదాని కంటే ప్రమాదం. ఊరి పేరు, చెరువు పేరు, ఏ గట్టు మీద ఏ దిక్కుగా నిలబడ్డారో ఒక పుస్తకంలో రాసుకోండి. పడవ సరంగు చెప్పిన మాటలు రాసుకుంటే, ఆయన అనుమతితో ఆయన పేరు కూడా రాయండి. జెర్డన్ నెల్లూరులో చేయని పని అది.

ఎనిమిదిన్నర అయింది. మంచు విడిపోయింది. గట్టు మీద మట్టి వెచ్చబడుతోంది. చివరి చట్రం మీద నుంచి ఒక గూడబాతు లేచి, నీటి మీద బరువుగా నాలుగు అంగలు కొట్టి, మెల్లగా ఎత్తు అందుకుంటుంది. దాని వెనక రెండోది, మూడోది. కాసేపటికి చెరువు మీద ఒక పెద్ద సుడి తిరుగుతుంది, రెక్క కదలకుండా. ఆ సుడి ఉప్పుటేరు వైపు జరిగిపోయేలోపు తలలు లెక్కపెట్టండి. మొదటిసారి నలభై వస్తాయి, రెండోసారి నలభై మూడు. రెండు అంకెలూ రాయండి.